అచ్చియ్యమ్మ వణుకు

బుధవారం పొద్దున్న చోడవరంలో ఎరువుల కొట్టు మీది మేడగదిలో మేం కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటాం. మేం అంటే కేన్సరు వైద్యం అయిపోయినవాళ్ళం. అయిపోయిందని డాక్టర్లు అన్నారు కాబట్టి అయిపోయినట్టే. ఆడవాళ్ళు ఏడెనిమిది మంది ఉంటారు, మగవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు గణపతిరావు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పేగు కోసేసి పొట్ట పక్కన ఒక సంచి తగిలించారు. ఆ సంచి గురించి ఇంతకంటే చెప్పను. ఇది నా కథ కాదు, అచ్చియ్యమ్మ కథ.

ఈ గదిని నడిపేది ఇందు అనే అమ్మాయి. ఏదో స్వచ్ఛంద సంస్థ తరఫున విశాఖపట్నం నుంచి బస్సులో వస్తుంది. డాక్టరు కాదు, నర్సూ కాదు. ఒంటిని పట్టుకుని మనసుని బాగుచేసే చదువు ఒకటుందట, అది చదువుకుంది. మాత్రలివ్వదు, సూదులు వెయ్యదు, ధైర్యంగా ఉండండని చెప్పదు. ఆ మూడోది చెప్పలేదనే నేను రెండో వారం కూడా మెట్లెక్కాను. జబ్బు చేసినప్పటి నుంచి నాకు ధైర్యం చెప్పనివాడు పాపి. పాలు పోసేవాడు కూడా చెప్పాడు.

"అరికాళ్ళు నేలకి ఆనించండి. ఊపిరి ఎక్కడి దాకా వెళ్తోందో చూడండి. ఒంట్లో ఏం తెలుస్తోందో ఒక్కొక్కరూ చెప్పండి" అనేది ఇందు. మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకావిడ హిమోగ్లోబిన్ తొమ్మిదుందని చెప్పింది. ఇంకొకావిడ రిపోర్టుల కవరు తీసి చేతికివ్వబోయింది. వంతు సన్యాసమ్మ దాకా వచ్చింది.

సన్యాసమ్మది రావికమతం వైపు. కాపరానికొచ్చిన నాటి నుంచి అడ్డచుట్ట అలవాటు. అంటే చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, మా వైపు ముసలమ్మల్లో ఇప్పటికీ ఉంది. అంగిట్లో పుండు లేచి, కోసి తీసేశారు. అప్పటి నుంచి మాట ముక్కులోంచి వస్తుంది. ముక్కులోంచి వచ్చినా ఆగదు.

"కాళ్ళకింద సిమెంటు తెలస్తందమ్మా. ఇంకేటి తెలాల?" అంది.

"అదే చాలు పెద్దమ్మా. సిమెంటు ఎలా ఉంది?" అని ఇందు అడిగింది.

"సిమెంటు సిమెంటునాగే ఉంది."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, సంచి ఉన్నవాడు నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు కదా. నవ్వనిది అచ్చియ్యమ్మ ఒక్కతే.

ఆమెది బుచ్చయ్యపేట దాటాక వచ్చే పల్లె. యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, చెరకు తోటల్లో పనిచేసి కట్టెలా గట్టిపడ్డ ఒళ్ళు. కుడి రొమ్ము తీసేశారు. కీమో ఇచ్చి, తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్ని మా వాళ్ళంతా అలాగే అంటారు. కుడిచెయ్యి వాచిపోయి భుజం పైకి లేవడం లేదని ఆస్పత్రివాళ్ళు ఈ గది చిరునామా ఇచ్చి పంపారు. "నేను సెయ్యి కోసరం వచ్చేను. మరేటీ వద్దు" అని మొదటి రోజే చెప్పేసింది. నన్ను చూసి మాత్రం గుర్తుపట్టింది. "మీరు కాటాబాబు కదూ? మా ఇంటాయన గోవిందరావు బండి మీరే తూసేవోరు" అంది. తూకంలో మోసం చేశానని అననందుకు సంతోషించాను.

ఆమె కూర్చునే తీరు చూస్తే నాకే ఒళ్ళు నొప్పెట్టేది. పిడికిళ్ళు బిగించి, దవడలు బిగించి, భుజాలు చెవుల దాకా లాక్కుని కూర్చునేది. ఊపిరి గట్టిగా పీల్చమంటే పీల్చేది కాదు. కళ్ళు మూసుకోమంటే మూసుకునేది కాదు.

"పిడికిళ్ళు ఒక్కసారి వదులుతారా పెద్దమ్మా?" అని ఇందు అడిగింది.

"వదల్ను."

"వదిలితే ఏమవుతుంది?"

"వదిల్తే మంచిది కాదు."

"సరే, బిగించే ఉంచండి. బిగించారని మీకు తెలుస్తోంది కదా, ఇవాళ్టికది చాలు" అంది ఇందు. ఇదేం వైద్యమో అని నాకు చిరాకేసింది. కోప్పడి వదిలించాలి గానీ, బిగించుకో అనడమేమిటి?

ఆ బిగింపు ఎందుకో సన్యాసమ్మ చెప్పింది. ఎవరి ఊళ్ళో ఏం జరిగినా ఆవిడకి తెలుస్తుంది, ఎలాగని అడక్కూడదు. అచ్చియ్యమ్మకి ఏటా అమ్మవారు పూనేదట.

వాళ్ళ ఊళ్ళో మరిడమ్మ పండగ చైత్రమాసంలో చేస్తారు. అమ్మవారి ఘటం లేచేది అచ్చియ్యమ్మ అత్తవారింటి నుంచే. డప్పులు మొదలవగానే ఆమె ఒళ్ళు వణికేది. జుట్టు ముడి ఊడిపోయేది. పెద్ద తోడికోడలు తాతమ్మ పసుపునీళ్ళ చెంబుతో వచ్చి ఆమె కాళ్ళు కడిగి, "ఎవరు తల్లీ నువ్వు?" అని అడిగేది. అలా అడగడం ఆచారం, అడగందే అమ్మవారు పలకదు. "మరిడమ్మని" అని పలికిన తర్వాత ఊరు ఊరంతా గోడు చెప్పుకునేది. మామూలు రోజుల్లో అచ్చియ్యమ్మ మాట మొగుడు కూడా వినేవాడు కాదట. ఆ ఒక్క రోజూ అందరూ వినేవారు. ఆ గౌరవం మిగతా ఏడాదంతా కొంచెం కొంచెంగా మిగిలి ఉండేది. చెరకు నరికే జట్టులో, పెళ్ళి భోజనాల్లో, తగువుల్లో ఆమెకో స్థానం ఉండేది.

ఆపరేషనయి ఇంటికొచ్చాక తాతమ్మ తేల్చి చెప్పేసింది. "తెగిన ఒంటి మీదకి అమ్మోరు రాదు. సెయ్యిరిగిన బొమ్మకి పూజ సేత్తామేటి?" అంది. దెప్పడానికి అనలేదట, నిజంగానే నమ్మి అంది. అదే నాకు మరీ కోపం తెప్పించింది. దెప్పేవాళ్ళని తిట్టి ఊరుకోవచ్చు, నమ్మేవాళ్ళని ఏం చేస్తాం? అచ్చియ్యమ్మకి వేరే గ్లాసు పెట్టింది. అంటుకుంటుందేమోనని ఆమెని ముట్టుకోవడం మానేసింది. కిందటేడు పండగనాటికి అచ్చియ్యమ్మ ఆస్పత్రిలో ఉంది. ఎవరికీ పూనలేదు, ఘటం ఊరికే ఊరంతా తిరిగొచ్చింది. ఈ ఏడు ఊరి చూపంతా ఆమె మీదే ఉంది. అమ్మవారు వస్తే ఆమె మళ్ళీ వాళ్ళ అచ్చియ్యమ్మ. రాకపోతే ఇక ఎప్పటికీ జబ్బు మనిషే. పండగ దగ్గరపడుతోంది.

మాఘమాసంలో ఒక బుధవారం జరిగింది చెప్పాలి. ఆ రోజు ఇందు కొత్త పని చెప్పింది. "వైద్యం అయ్యాక మీరు చెయ్యి పెట్టకుండా వదిలేసిన చోటు ఒకటుంటుంది. అక్కడ అరచెయ్యి పెట్టండి. బట్ట మీద నుంచే, చూడక్కర్లేదు. పెట్టాలనిపించకపోతే మానెయ్యండి. ఒళ్ళు ఏం చేస్తే అది చెయ్యనివ్వండి, ఆపకండి" అంది. నేను లేచి కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను. ఆడవాళ్ళ మధ్య అది నా మర్యాద. చొక్కా మీద నుంచి సంచి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నా పెళ్ళాం కూడా పెట్టని చోట నా చెయ్యి పెట్టానని అప్పుడే తెలిసింది.

అంతలో వెనక ఒక కుర్చీ టకటకా కొట్టుకోవడం వినిపించింది. తిరిగి చూశాను. దుర్గాదేవి. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది, ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఆమెదీ అచ్చియ్యమ్మ జబ్బే. అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని నిలువెల్లా ఊగిపోతోంది. కళ్ళు మూసుకుపోయాయి. గొంతులోంచి ఏదో మూలుగు వస్తోంది.

"అమ్మోరు! అమ్మోరొచ్చేసింది!" అంటూ సన్యాసమ్మ లేచింది.

ఇక చూడాలి. కుర్చీలు పడిపోయాయి. సన్యాసమ్మ పొద్దున్న బజార్లో కొన్న పసుపు పొట్లం చింపి మంచినీళ్ళ సీసాలో పోసింది. ఆ నీళ్ళు దుర్గాదేవి కాళ్ళ మీద పడ్డాయి. "ఎవరు తల్లీ నువ్వు? పలుకు తల్లీ!" అని ఒకరు. పలకడం కోసం ఎవరూ ఆగలేదు. నాలుగు నెలలుగా హిమోగ్లోబిన్ తప్ప ఇంకో మాట చెప్పని ఆవిడ ఆ సిమెంటు నేల మీద మోకరిల్లి, "నా జబ్బు మల్లీ తిరగబెడతాదా తల్లీ? సెప్పు తల్లీ!" అని ఏడ్చింది. "నా కొడుకు పెల్లి సూసీదాకా ఉంచుతావా?" అని ఇంకొకావిడ. ఇందు "కాస్త గాలి ఆడనివ్వండి, పక్కకి జరగండి" అని మొత్తుకుంటోంది, వినేవాళ్ళెవరు? నా సంగతీ చెబుతాను. నేను దణ్ణం పెట్టుకుని నిలబడి ఉన్నాను. చేతులు ఎప్పుడు జోడించానో తెలీదు. పైకి అడగలేదు గానీ, అడగాల్సింది లోపల అడిగేశాను. అందరిదీ ఒకటే ప్రశ్న. ఏ డాక్టర్నీ సూటిగా అడగలేనిది ఆ పిల్లని అడిగాం.

అచ్చియ్యమ్మ తన కుర్చీలోంచి లేచి వచ్చింది. అందరూ దారిచ్చారు. ఈ గదిలో అమ్మవారి సంగతి తెలిసినది ఆమే కదా. దుర్గాదేవి ఎదురుగా నేల మీద కూర్చుని ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. మొహంలోకి చూసింది.

"అమ్మోరు కాదు. లెగండి, దూరం జరగండి" అంది.

"కాదని నీకెలా తెలుసు?" అని సన్యాసమ్మ గట్టిగానే అడిగింది.

"అమ్మోరొస్తే నాకేటీ తెలీదు. ఎవులు కాళ్ళు కడిగేరో తెలీదు, ఏటి పలికేనో తెలీదు. ఈ గుంటకి అన్నీ తెలస్తన్నాయి. తెలిసే ఏడస్తంది." ఆపైన దుర్గాదేవితో, "అవునా అమ్మా?" అంది.

దుర్గాదేవి కళ్ళు తెరవకుండానే తలూపింది. "కరెంటు పెట్టే గదిలో నన్నొక్కదాన్నీ బల్ల మీద ఒగ్గేసి తలుపేసేసేవోరు. కదలకూడదనీవోరు. ఒక్కపాలి కూడా కదల్లేదు పిన్నీ. అప్పుడు రావాల్సిన ఒణుకు ఇప్పుడొస్తంది" అంది.

"రానీ. నేను పట్టుకునే ఉన్నాను" అంది అచ్చియ్యమ్మ.

ఆ వణుకు వచ్చినంతసేపూ వచ్చి, దానంతటదే తగ్గిపోయింది. దుర్గాదేవి నీళ్ళు తాగింది. మేం కుర్చీలు ఎత్తి పెట్టుకున్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోవడానికి సిగ్గేసింది. పసుపుతో జిగటగా ఉన్న నేల సన్యాసమ్మే తుడిచింది.

అచ్చియ్యమ్మ నేల మీద నుంచి లేవలేదు. అప్పుడు ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"తెల్లారగట్ల నాకూ ఒణుకొస్తంది. ఆపరేసనైన కాడ్నించీ రోజూ వస్తంది. అమ్మోరు తలుపు కొడతందనుకున్నాను. తీద్దునా? ఆ తల్లి లోపలికొచ్చి, తెగిపోయిన నా ఒల్లు సూసి, వద్దని ఎల్లిపోతే నేనేటైపోవాల? అందుకే బిగబట్టేను. పండగనాడు ఏటౌతాదో అని బయం. రాదేమోనని బయం."

ఇందు కూడా వచ్చి కింద కూర్చుంది.

"అమ్మవారి సంగతి నాకు తెలీదు పెద్దమ్మా, అది మీకే తెలియాలి. వణుకు వచ్చినప్పుడు పారిపోకుండా దాంతో కూర్చోవడం మాత్రం ఇక్కడ నేర్చుకోవచ్చు. అది ఎవరిదో అప్పుడు మీకే తెలుస్తుంది" అంది.

ఇందు మీద నాకున్న చిరాకు ఆ రోజుతో పోయింది. తెలీనిది తెలీదని చెప్పే చదువుకున్నవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ తర్వాత వారాల్లో అచ్చియ్యమ్మ కొంచెం కొంచెంగా పిడికిళ్ళు వదిలింది. వదలడం, భయపడి మళ్ళీ బిగించడం, మళ్ళీ వదలడం. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించేది వాచిన చేతిని. దుర్గాదేవి ఆమె మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించి ఉండేది. భుజం దాకా, చెవి దాకా, ఒక రోజు చెవి దాటి పైకి వెళ్ళింది. ఎడమ అరచెయ్యి రొమ్ము లేని వైపు పెట్టుకుని కూర్చోవడం కూడా వచ్చింది. వణుకు వస్తే "వస్తంది" అని పైకే చెప్పేది. పోతే "ఎల్లింది" అనేది. రైలు సంగతి చెప్పినట్టు చెప్పేది. సన్యాసమ్మ మాటలకి నవ్వడం కూడా మొదలెట్టింది.

పండగ ముందు బుధవారం మెట్ల దగ్గర నన్ను ఆపి, "పండక్కి రండి కాటాబాబూ. అమ్మోరొచ్చినా రాకపోయినా కోడికూర ఉంటాది" అంది. నవ్వుతూనే అంది. కానీ మొహం పాలిపోయి ఉంది.

సన్యాసమ్మ, దుర్గాదేవి, నేను ఒకే ఆటోలో వెళ్ళాం. ఆ కుదుపులకి నా సంచి ఏమవుతుందోనని దారంతా పొట్ట పట్టుకుని కూర్చున్నాను. మేం దిగేసరికి పొద్దు వాలుతోంది. గోవిందరావు అరుగు మీద కుర్చీలు వేయించాడు. వాకిట్లో సాంబ్రాణి పొగ, వేపమండలు, జనం. ఘటం ఈసారి తాతమ్మ కోడలు ఎత్తుకుంది. వాచిన చేత్తో బరువు ఎత్తకూడదని అచ్చియ్యమ్మకి ఆస్పత్రిలో చెప్పారు. అయినా ఎత్తుతానంటే ఇచ్చేవాళ్ళని నేననుకోను. ఆమె గుమ్మం పక్కన కొత్త పసుపుచీర కట్టుకుని నిలబడి ఉంది, కుడిచేతికి ఆస్పత్రివాళ్ళిచ్చిన బిగుతు తొడుగుతో. ఆమె చుట్టూ కొంచెం ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఎందుకో నాకు తెలుసు.

తాతమ్మని అప్పుడే మొదటిసారి చూశాను. పొట్టిగా, ముక్కున పెద్ద పుడకతో, పసుపునీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరి కాళ్ళకోసమో తెలీకపోయినా చెంబు మాత్రం నింపి పట్టుకుంది.

డప్పులు మొదలయ్యాయి. ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా. అచ్చియ్యమ్మ కాళ్ళ దగ్గర చీర కుచ్చెళ్ళు కదలడం చూశాను. మోకాళ్ళు, చేతులు, భుజాలు, గడ్డం. నిలువునా వణుకుతోంది. పొట్టిగా మొలిచిన జుట్టు, ఊడిపోవడానికి ముడే లేదు. జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. "వచ్చింది! అమ్మోరొచ్చింది!"

దుర్గాదేవి నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తాతమ్మ పరుగున వచ్చింది. అచ్చియ్యమ్మ ముందు ఆగి, ఆమె మొహంలోకి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రాదని ఏడాదిగా అంటూ వచ్చిన మనిషికి కూడా రావాలనే ఉంది. గొంతు సవరించుకుని అడిగింది.

"ఎవరు తల్లీ నువ్వు?"

డప్పులు ఆగిపోయాయి. ఒక్క పేరు చెబితే చాలు. ఆ పేరు చెబితే వేరే గ్లాసు ఉండదు, చుట్టూ ఆ ఖాళీ ఉండదు. చెప్పెయ్యమ్మా అని నేను లోపల అనుకున్నాను. నా మీద ఒట్టు, నిజంగానే అనుకున్నాను.

అచ్చియ్యమ్మ పిడికిళ్ళు విప్పింది. ఎడమ అరచెయ్యి తెచ్చి ఛాతీ మీద, లేనివైపు, పెట్టుకుంది.

"నేనే అక్కా. అచ్చియ్యమ్మని" అంది. "అమ్మోరు కాదు. నాకు బయమేస్తంది. ఆపరేసనైన కాడ్నించీ బయమేస్తంది."

వెనకెవరో "అయితే రానేదన్నమాట" అన్నారు. జనం కాస్త వెనక్కి జరిగారు. డప్పులవాళ్ళు ఏం చెయ్యాలో తెలీక గోవిందరావు వైపు చూశారు. అతను తలవంచుకున్నాడు. అచ్చియ్యమ్మ ఇంకా వణుకుతూనే ఉంది, దాచుకోకుండా, అందరిముందూ.

తాతమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను.

"కాళ్ళు ముందుకెట్టు" అంది. గొంతు కటువుగానే ఉంది.

"అక్కా, నేను అమ్మోర్ని కాదు..."

"ఇన్నాను. తెచ్చిన నీళ్ళు ఎనక్కి పట్టుకెల్తానేటి? ముందుకెట్టు."

అచ్చియ్యమ్మ పాదాలు ముందుకి జరిపింది. తాతమ్మ నడుం పట్టుకుని వంగి, చెంబుతో నీళ్ళు పోసి, మట్టి పోయేదాకా ఆ రెండు పాదాలూ తన చేత్తో రుద్ది కడిగింది. ఆపరేషనయ్యాక ఆవిడ చిన్న తోడికోడల్ని ముట్టుకోవడం అదే మొదలు.